నీతిశాస్త్రజ్ఞుడు జాన్ స్టూవర్టు మిల్లు

ఏది ధర్మము, ఏది యధర్మము అను ప్రశ్నకు పాశ్చాత్య తత్త్వవేత్తలు ముఖ్యముగా మూడు విధముల సమాధానము చెప్పిరి. సద్గుణములను అభ్యాసముచే అలవరచుకొన్నవాని నడవడియే ధర్మమని గ్రీకుదేశీయుడగు అరిస్టాటిలు తలంచెను. ఫలము నాశింపక, కర్తవ్యమని యెరిగి చేసినదే ధర్మమని జర్మనుడగు కాంటు వాదించెను. గీతాపారాయణము చేయువారికి ఈ భావము క్రొత్త గాదు. అధికసంఖ్యాకులకు అధికసుఖము నొసగునదే ధర్మమని ఇంగ్లండునందలి బెంథాము ప్రతిపాదించెను. ఈ మూడవ మతమున పెరిగి, దాని లోపమును తన బ్రతుకుననే కనుగొని సంస్కరించినవాడు జాన్ స్టూవర్టు మిల్లు.

ఇతడు 1806 మే 20వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జేమ్సు మిల్లు, ఇండియాను కన్నులార చూడకయే బ్రిటిషు ఇండియా చరిత్రను రచించి ఖ్యాతి గడించినవాడు, బెంథామునకు మిత్రుడు. ఆయన కుమారుని బడికి పంపక, తానే గురువై మూడవయేట గ్రీకుభాషను, ఎనిమిదవయేట లాటినును ప్రారంభించెను. బాలునకు ఈడువారితో ఆటపాటలు లేవు. పదునైదేండ్ల ప్రాయమున బెంథాము గ్రంథమును చదివి, లోకసంస్కరణమే తన జీవితాశయమని నిశ్చయించుకొనెను.

బెంథాము మతమున సుఖము జమ, దుఃఖము ఖర్చు. నిలువ యెక్కువగా తేలిన కార్యమే మంచిది. పిల్లలాటయైనను కావ్యపఠనమైనను సమానమగు సుఖము నిచ్చెనేని రెంటి విలువయు సమానమే. మిల్లు ఈ లెక్కనే నమ్మియుండెను. 1826లో, ఇరువదియేండ్ల వయస్సున, తన్ను తానొక ప్రశ్న వేసికొనెను: తాను కోరిన సంస్కరణములన్నియు ఈ క్షణముననే నెరవేరినచో తనకు ఆనందము కలుగునా? కలుగదని అంతరాత్మ పలికెను. నెలల తరబడి విషాదమున మునిగియుండెను. ఒకనాడు ఫ్రెంచి రచయిత మార్మోంటెలు స్వీయచరిత్రలో, తండ్రి మరణింపగా పసివాడైన కుమారుడు కుటుంబమునకు తానే దిక్కగుదునని పూనుకొను ఘట్టమును చదివి కన్నీరు విడిచెను. తన హృదయ మింకను ఎండిపోలేదని గ్రహించి తేరుకొనెను.

ఈ యనుభవము రెండు సత్యములను నేర్పెను. సుఖమునే గురిగా నుంచుకొన్నవానికి అది దొరకదు. పరహితమునందో విద్యయందో మనసు నిలిపినవానికి తానై లభించును. మరియు సుఖములన్నియు ఒక్కజాతివి గావు. మొత్తమునే గాక గుణమును గూడ చూడవలెను. 1861లో పత్రికలో ప్రకటించి, 1863లో పుస్తకముగా వెలువరించిన ‘యుటిలిటేరియనిజం’ అను గ్రంథమున ఈ విషయమునే విశదీకరించెను.

ఇంతటి పండితుడును పొట్టకూటికై గుమాస్తా కొలువు చేసినవాడే. పదునేడేండ్లు నిండగనే, 1823లో, లండనునందలి ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున చేరి, 1858 వరకు 35 ఏండ్లు పనిచేసెను. విజ్ఞానము ప్రజలకు దేశభాషల మూలముననే చేరగలదని తలంచి, మెకాలే విద్యాపద్ధతిని విమర్శించుచు 1836లో ఒక ముసాయిదా సిద్ధపరచెను. పైవారు దానిని సాగనీయలేదు.

1859లో స్వేచ్ఛను గూర్చిన సుప్రసిద్ధ గ్రంథమును వెలువరించి, ముందటి యేడు ఫ్రాన్సులోని ఆవిన్యోను పట్టణమున మరణించిన భార్య హారియెటునకు అంకితమిచ్చెను. 1865లో పార్లమెంటు సభ్యుడయ్యెను. 1867లో స్త్రీలకు వోటుహక్కు నొసగవలెనని సవరణ ప్రతిపాదింపగా 73 మంది మాత్రమే సమ్మతించిరి, ప్రతిపాదన వీగిపోయెను. 1873 మే నెలలో ఆవిన్యోనుననే కన్నుమూసి, భార్య సమాధి చెంతనే విశ్రమించెను.

అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. స్త్రీల హక్కునకై పోరాడిన యీతడే, స్వేచ్ఛాసూత్రము వెనుకబడిన జాతులకు వర్తింపదని వ్రాసెను. భారతీయులు తమ్ము తామేలుకొనుట కింకను అర్హులు గారని తలంచెను. ముప్పదియైదేండ్లు మన దేశపు కాగితములను చూచియు, మన జనులను చూడలేదు. అందరి సుఖమును లెక్కించువాడు సైతము కొందరిని లెక్కలోనికి తీసికొనక విడువవచ్చునని యిందువలన తెలియుచున్నది.

కావున ఏ నీతిసిద్ధాంతమును చదివినను, ఇందులో ఎవరిని విడిచిరి అని పాఠకులు విచారింపవలెను. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయమునకును ఆ ప్రశ్న తగియే యున్నది. ఇరువదియైదేండ్లలో మన యూర ఈ గడప నెక్కనివారెందరు, ఎందువలన అని విచారించి, వారిని చేయిపట్టి తోడ్కొనివచ్చుట మన కర్తవ్యము.