సర్కారుకు సవర మాట వినిపించిన గిడుగు

గిడుగు వెంకట రామమూర్తి పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది వ్యావహారిక భాషోద్యమమే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. అయితే తెలుగు గొడవలోకి దిగకముందే ఆయన పర్లాకిమిడిలో కూర్చుని కొండ సవరల మాటను సర్కారు దాకా తీసుకెళ్లారు. ఇప్పుడది ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదివారు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల మాటకు లిపి లేదు, పుస్తకం లేదు, బడి అంతకన్నా లేదు. సవర వచ్చిన ఒకరిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టించారు. అడవుల్లో తిరిగి తిరిగి మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్‌తో చెవుడొచ్చింది. పలుకుల్లోని తేడా పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి అంతకు మించిన దెబ్బ ఏముంటుంది? పెద్ద కొడుకు సీతాపతి తండ్రికి తోడు నిలిచారు.

మద్రాసు ప్రభుత్వం ఈ కృషి మెచ్చి పారితోషికం ఇవ్వబోయింది. రామమూర్తి తీసుకోలేదు. ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి నడపమని అడిగారు. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో ప్రభుత్వమే అచ్చేసింది. నిఘంటువులూ ఆ దారిలోనే వచ్చాయి.

తెలుగు సంగతికొస్తే, కదిలించింది ఓ సర్కారు ఉద్యోగే. ఉత్తర జిల్లాల స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటుంటే, జనం మాట ఒకటి, పుస్తకంలో మాట మరొకటి. ఎందుకిలా అని 1907 ప్రాంతంలో ఆరా తీశారు. జవాబు చెప్పగలవాళ్లుగా రామమూర్తి, గురజాడల పేర్లు తెలిశాయి. ఆ ప్రశ్న పట్టుకుని రామమూర్తి పాత శాసనాలు, తాళపత్రాలు తిరగేశారు. స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసాలు వాడుక భాషలో రాసుకోవచ్చని అనుమతీ వచ్చింది. పండితులు భగ్గుమన్నారు. సర్కారు కమిటీ వేసి, చివరికి వెనకడుగు వేసింది. 1915లోనే గురజాడ కన్నుమూశారు. రామమూర్తి మాత్రం పట్టు వదల్లేదు. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి ఊరూరా తిరిగి వాదించారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలపొద్దని రామమూర్తి గట్టిగా వాదించారు గానీ, ఈసారీ సర్కారు వినలేదు. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి చేరుకున్నారు. సవర పుస్తకాలు అచ్చేసిన ప్రభుత్వం ఒకటైతే, చాలా సవర పల్లెలు మరో ప్రభుత్వం కిందికి వెళ్లాయి.

1940 జనవరి 15న మద్రాసులో ‘ప్రజామిత్ర’ ఆఫీసులో పత్రికల సంపాదకుల ముందు మాట్లాడారు. వాడుక భాషలో రాయాలన్నదే అక్కడా ఆయన విన్నపం. సరిగ్గా వారానికి, జనవరి 22న పోయారు.