దీనబంధు ఆండ్రూస్: విశ్వాసమే న్యాయదీక్షగా సాగిన జీవితం

మతవిశ్వాసం మానవుని లోకానికి దూరం చేస్తుందా, లేక లోకంలోని దుఃఖానికి దగ్గర చేస్తుందా అన్న ప్రశ్న విద్యార్థుల చర్చలలో తరచు వినవస్తూనే ఉంటుంది. దేవుని నమ్మినవాడు పరలోకాన్ని గూర్చి చింతిస్తే చాలునని కొందరంటారు. పేదవాని ఆకలి తీర్చలేని భక్తి వ్యర్థమని మరికొందరంటారు. ఇట్టి ప్రశ్నకు తర్కం చెప్పే సమాధానం కంటె ఒక మహనీయుడు జీవించి చూపిన సమాధానమే విలువైనదని మేము భావిస్తున్నాము. అందుచేతనే చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ గారి జీవితాన్ని మా సోదర విద్యార్థుల ముందు సంగ్రహంగా ఉంచదలచాము. ఆంగ్లేయుడై పుట్టి, క్రైస్తవుడై జీవించి, భారతీయుల చేత దీనబంధు అని పిలిపించుకున్న ధన్యుడాయన.

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లాండులోని న్యూకాజిల్ నగరంలో జన్మించారు. తండ్రి జాన్ ఎడ్విన్ ఆండ్రూస్ ఒక చిన్న క్రైస్తవ సంఘంలో మతాచార్యులు. బాల్యం బర్మింగ్‌హామ్‌లో గడిచింది. తల్లికి సంక్రమించిన ఆస్తిని ఒక కుటుంబ మిత్రుని సంరక్షణలో ఉంచగా, అతడు దానిని పోగొట్టి వారిని పేదరికంలోకి నెట్టాడు. ఆనాటి ప్రార్థనలో తండ్రి తమకు ద్రోహం చేసిన ఆ మిత్రుని క్షేమం కొరకే దేవుని వేడుకున్నారట. ఆ సంఘటన బాలుని మనస్సులో చెరగని ముద్ర వేసింది. క్షమ అనేది గ్రంథాలలో చదివి నేర్చుకునే విషయం కాదని, ఇంటిలోనే నేర్చుకునే విద్య అని ఆయన గ్రహించారు.

1890లో ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని పెంబ్రోక్ కళాశాలలో ప్రవేశించారు. పరిశ్రమలు ఇంగ్లాండుకు అపార సంపదను తెచ్చిపెట్టిన కాలమది. అదే కాలంలో గనులలోను, ఓడల కర్మాగారాలలోను శ్రామికులు దుర్భర దారిద్ర్యం అనుభవించారు. పెట్టుబడికి, శ్రమకు నడుమ సాగే సంఘర్షణలో క్రైస్తవ ధర్మం ఏమి చెబుతున్నదన్న విషయంపై ఆండ్రూస్ వ్యాసం వ్రాసి బహుమతి పొందారు. అయితే వ్యాసం వ్రాసి ఊరకుండే స్వభావం కాదాయనది. మతాచార్య దీక్ష స్వీకరించి, దక్షిణ లండనులోని వాల్‌వర్త్ అనే పేదవాడలో నివసిస్తూ సేవ చేశారు. అక్కడ ఆరోగ్యం చెడి, తిరిగి కేంబ్రిడ్జి చేరి అధ్యాపకులయ్యారు. ఆయన ప్రాణమిత్రుడు బేసిల్ వెస్ట్‌కాట్ ఢిల్లీలో సేవ చేస్తూ 1900లో కలరా సోకి మరణించాడు. ఆ మిత్రుని స్థానం తానే పూరించాలని ఆండ్రూస్ నిశ్చయించుకున్నారు.

1904 మార్చిలో భారతభూమిపై అడుగుపెట్టి, ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. బోధించడానికి వచ్చిన ఆయన మొదట నేర్చుకున్నారనడమే సమంజసం. ఆయనకు గురుతుల్యులైన వారిద్దరు. ఒకరు అదే కళాశాలలోని భారతీయ క్రైస్తవ అధ్యాపకులు సుశీల్ కుమార్ రుద్రా గారు. 1906లో ప్రిన్సిపాలు పదవి ఖాళీ అయినప్పుడు, అది ఆంగ్లేయునికే దక్కాలన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఆండ్రూస్ మాత్రం రుద్రా గారి పక్షాన పట్టుదలతో నిలిచారు. ఆ విధంగా ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలు లభించారు. తన జాతికి దక్కే ఆధిక్యాన్ని తానే నిరాకరించడం న్యాయానికి తొలిమెట్టు కాదా?

రెండవవారు ఢిల్లీకి చెందిన వృద్ధ విద్వాంసులు మౌల్వీ జకాఉల్లా గారు. గణితం, చరిత్ర మొదలైన విషయాలపై ఉర్దూ భాషలో అనేక గ్రంథాలు రచించి, మాతృభాషలోనే ఆధునిక విజ్ఞానం బోధించవచ్చునని నిరూపించిన మహామేధావి ఆయన. ఆ వృద్ధుని ఇస్లాం విశ్వాసంలోని నిర్మలత్వం, పరమత గౌరవం ఆండ్రూస్‌ను ముగ్ధుని చేశాయి. జకాఉల్లా గారు 1910లో పరమపదించారు. ఆయనను ఆండ్రూస్ మరువలేదు. 1929లో ఆయన జీవిత చరిత్రను గ్రంథరూపంలో వెలువరించి గురుఋణం తీర్చుకున్నారు. ఒక క్రైస్తవ మతాచార్యుడు ఒక మౌల్వీ సాహెబు జీవితాన్ని భక్తితో వ్రాశాడన్న సంగతి ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలసి చదివే మన కళాశాలలో ప్రత్యేకంగా స్మరింపదగినది. తన విశ్వాసంలో లోతుగా వేరూనినవాడే ఇతరుల విశ్వాసాన్ని భయం లేకుండా గౌరవింపగలడని ఆ గ్రంథం నిరూపిస్తున్నది.

1912లో లండనులో విశ్వకవి రవీంద్రునితో ఏర్పడిన పరిచయం జీవితాంతపు స్నేహంగా మారింది. మరుసటి సంవత్సరం దక్షిణాఫ్రికా నుండి ఆందోళనకరమైన వార్తలు వచ్చాయి. అక్కడ ఒప్పందకాలం ముగిసిన భారతీయ కూలీలపై తలకు మూడు పౌన్ల పన్ను విధింపబడి ఉంది. దానికి తోడు, క్రైస్తవ విధిని అనుసరించి జరగని వివాహాలు చెల్లవన్న అర్థం వచ్చే తీర్పు 1913లో వెలువడింది. హిందూ, ముస్లిం స్త్రీల సంసారాలకు ఒక్క కలంపోటుతో గౌరవం లేకుండా పోయింది. గాంధీజీ నాయకత్వాన సత్యాగ్రహం సాగింది. నేటాలులో వేలాది కూలీలు సమ్మె కట్టారు. నేటాలు కూలీలలో తమిళులతో పాటు మన తెలుగువారు కూడ ఉన్నారు.

గోఖలే గారి కోరికపై ఆండ్రూస్, ఆయన మిత్రుడు పియర్సన్ బయలుదేరి 1914 జనవరిలో దర్బాను రేవు చేరారు. గాంధీజీని గుర్తించిన వెంటనే ఆండ్రూస్ వంగి ఆయన పాదాలు తాకారు. ఒక తెల్లవాడు నల్లవాని పాదాలంటడమా అని అక్కడి ఐరోపీయులు మండిపడ్డారు. తన మతం పేరు మీద ఇతరుల వివాహాలకు కలిగిన అవమానాన్ని తొలగించడానికి ఒక క్రైస్తవ మతాచార్యుడే ముందుకు రావడం మనం గమనించాలి. గాంధీజీకి, జనరల్ స్మట్స్‌కు నడుమ రాజీ కుదరడంలో ఆయన ఎంతో తోడ్పడ్డారు. 1914లో వచ్చిన చట్టం మూడు పౌన్ల పన్నును రద్దు చేసి, భారతీయ వివాహాలకు మన్నన కల్పించింది. అయితే ఆ రోజులలోనే ఇంగ్లాండులో ఆయన తల్లి కన్నుమూశారు. కడసారి చూపునకు కుమారుడు నోచుకోలేదు.

అదే సంవత్సరం ఆయన ఢిల్లీ మిషను పదవిని, మతాచార్య విధులను వదలుకొని శాంతినికేతనం చేరారు. క్రీస్తును మాత్రం వదలలేదు. 1915లో కలరా సోకి మృత్యుముఖం దాకా వెళ్లి వచ్చారు. సిమ్లాలో కోలుకుంటూ ఉండగా, దెబ్బలు తిని భయంతో వణికే ఒక ఒప్పంద కూలీ ఆయన కళ్లకు కట్టినట్లు కనిపించాడట. చూస్తూ ఉండగానే ఆ కూలీ ముఖం క్రీస్తు ముఖంగా మారిందట. ఈ అనుభవాన్ని ఆయన తానే వ్రాసుకున్నారు. ఆండ్రూస్ గారి సేవ అంతటికీ మూలం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. కూలీపై జాలి చూపడం వేరు, కూలీలో తన ప్రభువును చూడడం వేరు. జాలి కొన్నాళ్లకు చల్లారవచ్చును. రెండవది మనిషిని నిలువనీయదు.

ఆయనను నిలువనీయని ఆ దృశ్యమే 1915లో పియర్సన్‌తో కలసి ఫిజీ ద్వీపాలకు నడిపించింది. 1879 మొదలు 1916 వరకు సుమారు 60 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ ద్వీపాలకు చేరారు. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా కూడ ఓడలు సాగడంతో తెలుగు పల్లెల ప్రజలు సైతం ఆ దారి పట్టారు. అగ్రిమెంటు అన్న మాట కూలీల నోట గిర్మిట్ అయింది. వేలిముద్ర వేసిన కూలీ ఐదేళ్లు చెరకు తోట యజమానికి కట్టుబడి ఉండాలి. అప్పగించిన పని పూర్తి చేయకపోతే కోర్టులో శిక్ష పడేది. నూరుగురు పురుషులకు నలుబది మంది స్త్రీలు చొప్పున పంపేవారు. ఇరుకైన కూలీ లైన్లలో సంసారాలు చెడిపోయేవి. హత్యలు, ఆత్మహత్యలు తరచుగా జరిగేవి.

ఆండ్రూస్ తోట తోటకు తిరిగి, కూలీలతో మాట్లాడి, కోర్టు దాఖలాలు పరిశీలించి, 1916లో నివేదిక ప్రకటించారు. ఆ ఏడే పండిత మదనమోహన మాలవ్యా గారు కేంద్ర శాసనసభలో ఈ పద్ధతి రద్దుకై తీర్మానం ప్రతిపాదించగా, ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. కాని రద్దును మరికొన్నేళ్లు వాయిదా వేసే ప్రయత్నాలు జరుగుతున్నట్లు తెలిసి, ఆండ్రూస్ ఊరూరా తిరిగి ప్రజాభిప్రాయాన్ని కూడగట్టారు. 1917లో కూలీల ఎగుమతి ఆగింది. ఆయన ఆ సంవత్సరమే మరల ఫిజీ వెళ్లారు. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. ఒక దుష్టవ్యవస్థ అంతరించడానికి కారణాలు అనేకం ఉంటాయి. వాటిలో ఈ నిరాయుధుని కాలినడక ఒకటి.

1919లో జలియన్‌వాలా బాగ్ దురంతం జరిగినప్పుడు ఆండ్రూస్ పంజాబుకు బయలుదేరగా, సైనిక శాసనాధికారులు ఆయనను అమృతసరులో నిర్బంధించి వెనుకకు పంపారు. అనుమతి లభించిన తరువాత మరల వెళ్లి, అవమానింపబడిన గ్రామస్థులను కలసి, తన జాతివారు చేసిన దుష్కృత్యాలకు తానే క్షమాపణ వేడుకున్నారు. 1921లో అస్సాం తేయాకు తోటలు విడచి వచ్చిన కూలీలు చాంద్‌పూర్‌లో సైనికుల దౌర్జన్యానికి, కలరాకు గురి కాగా, వారి నడుమ ఉండి సేవ చేశారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు ఆయన రెండుసార్లు అధ్యక్షులయ్యారు.

1924లో హిందూ ముస్లిం ఐక్యత కొరకు గాంధీజీ ఢిల్లీలో 21 దినాల ఉపవాసం చేసినప్పుడు ఆండ్రూస్ పక్కనే ఉండి పరిచర్య చేశారు. దీక్ష ముగిసిన వేళ ఇమాం సాహెబు ఖురాన్ వాక్యాలు పఠించగా, ఆండ్రూస్ క్రైస్తవ కీర్తన పాడగా, వినోబా ఉపనిషత్తులు చదివారు. ఒకే గదిలో మూడు విశ్వాసాలు ఒకే ఆశతో ప్రార్థించిన ఆ ఘడియ మన దేశ చరిత్రలో మరువరానిది.

గాంధీజీని అంతగా ప్రేమించినా ఆండ్రూస్ అంధ అనుచరుడు కాలేదు. 1918లో గాంధీజీ యుద్ధానికి సైనికులను చేర్పించబూనినప్పుడు, 1921లో విదేశీ వస్త్రాల దహనం సాగినప్పుడు తన అసమ్మతిని స్నేహితునికి నిస్సంకోచంగా తెలిపారు. ఆంగ్లేయులు ఆయనను జాతిద్రోహి అన్నారు. భారతీయులలో కొందరు ఆయనను గూఢచారిగా అనుమానించారు. ఇరుపక్షాల నిందలు భరించడం న్యాయం పక్షాన నిలిచేవానికి తప్పని కానుక కాబోలు! ఆయనకు సొంత ఇల్లు లేదు, సంసారం లేదు. చేతికి వచ్చిన ధనం పేదల పాలయ్యేది. 1940 ఏప్రిల్ 5వ తేదీన కలకత్తాలో, శస్త్రచికిత్స అనంతరం, ఆయన తనువు చాలించారు. ఆ నగరంలోని లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. 1971లో, శతజయంతి సందర్భంగా, మన ప్రభుత్వం ఆయన స్మృతి చిహ్నంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆండ్రూస్ కోరినవన్నీ ఆయన కళ్లముందు నెరవేరలేదు. సంపూర్ణ స్వాతంత్ర్యం భారతదేశానికి తక్షణావసరమని 1921 నాటికే వాదించిన ఆయన 1947ను చూడలేదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ఆయన మరణానంతరం మరింత కరుడుగట్టి, 1994లో గాని అంతం కాలేదు. అయినా ఆయన నిరాశకు లోబడలేదు. ఫలితం తప్పక చూస్తామన్న ధీమాను ఆయన ఆశగా ఎంచలేదు. బాధపడేవాని పక్కనుండి లేచి పోకుండా ఉండడమే ఆయన దృష్టిలో ఆశ. ఆయన నమ్మిన క్రీస్తు సిలువపై మరణించినవాడు గనుక, ఓటమిలో సైతం దేవుడు తోడుంటాడన్న నిబ్బరం ఆయనకు కలిగింది.

విద్యార్థి మిత్రులారా! మనలో ఎవరి మతం ఏదైనా, ఎవరి భాష ఏదైనా, ఈ జీవితం మనల్ని ఒక ప్రశ్న అడుగుతూనే ఉంటుంది. మన ప్రార్థన ముగిసిన తరువాత మన అడుగులు ఎటు సాగుతున్నాయి? మన ఇంట పనిచేసే మనిషి, మన వీధి ఊడ్చే మనిషి, ఫీజు కట్టలేక చదువు మానిన మన తోటి విద్యార్థి మన కంటికి కనబడుతున్నారా? ఆండ్రూస్ వలె సముద్రాలు దాటే అవకాశం అందరికీ రాకపోవచ్చును. వీధి దాటే అవకాశం ప్రతి ఒక్కరికీ ఉన్నది. అక్కడి నుండి మొదలు పెట్టగలిగిననాడు ఆ దీనబంధువును స్మరించినందుకు సార్థకత కలుగుతుందని మేము విశ్వసిస్తున్నాము.