ఇంటి దగ్గరికే డిగ్రీ తెచ్చిన డాక్టర్ అబ్దుల్ హఖ్ సాబ్

కర్నూలు బిడ్డ అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ అరబ్బీలో పండితులు. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పుచ్చుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంత ఎత్తుకు ఎదిగినా సొంతూరి గోడు మరిచిపోలేదు.

శ్రీశైలం కొండల నుంచి తుంగభద్ర ఒడ్డు దాకా ఎక్కువగా వానను నమ్ముకున్న మెట్ట నేలే. పంట పోతే ముందు ఆగేది చదువే. డిగ్రీకి మద్రాసు పోవాలంటే ఫీజుతో పాటు హాస్టల్, రైలు ఖర్చు కూడా. పెళ్లయి ఇల్లు నడిపేవాడు మళ్లీ చదువుకుందామనుకున్నా ఊరు వదిలే వీలుండదు.

అందుకే ఆయన 1947లో కర్నూలులోనే ఉస్మానియా కాలేజీని నిలబెట్టారు. దానికి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు పెట్టారు. ముస్లింలతో పాటు హిందూ పిల్లలూ అక్కడ చదువుకున్నారు.

ఆయన చదువు ఆయనతోనే పోలేదు. ఆ కాలేజీ నేటికీ కర్నూలులో నడుస్తూనే ఉంది.