గగనసీమలో గాలినదిని గుర్తించిన కోటేశ్వరం

భారత వాతావరణ శాస్త్ర చరిత్రలో చిరస్మరణీయులైన తెలుగువారు డాక్టర్ పి. కోటేశ్వరం. 1915లో జన్మించిన ఆయన భారత వాతావరణ శాఖలో చేరి, పైగాలుల తీరును ఎంతో ఓర్పుతో పరిశీలించారు. నైరుతి ఋతుపవన కాలంలో నేలమీద పడమటి గాలి వీస్తుండగా, చెన్నపట్నపు అక్షాంశాలలో సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో తూర్పుగాలి నదివలె ప్రవహిస్తుందని 1958లో వివరించారు. టిబెట్టు పీఠభూమి వేడెక్కడానికీ దీనికీ గల సంబంధాన్ని వెల్లడించారు. ఆ పైగాలిలో సాగే అలలు కింది అల్పపీడనంపైకి చేరినపుడు బంగాళాఖాతంలో వాయుగుండాలు బలపడతాయని జార్జితో కలిసి తెలిపారు. రైతు పంటకు, జాలరి ప్రాణానికి ముందస్తు హెచ్చరికే రక్ష కదా! వాతావరణ శాఖకు అధిపతియై, 1975లో పద్మభూషణ్ పురస్కారం పొంది, 1997లో కీర్తిశేషులైన ఆ మహనీయుని శాస్త్రదీక్ష మన విద్యార్థులకు ఆదర్శప్రాయం.