ఆదిభట్ల నారాయణదాసు: నాటకమంతా ఒక్కరే ఆడితే చూడాలా? ఆయన జీవితం చెప్పే జవాబు

ఖరగ్‌పూర్: ఈ రైల్వే ఊళ్లో తెలుగు నాటకం వేయాలంటే పద్యాలు వచ్చినవాళ్లు దొరకడం ఒక కష్టమైతే, వాళ్లందరూ ఒకేసారి ఖాళీగా ఉండటం ఇంకా పెద్ద కష్టం. ఒకరికి వర్క్‌షాపులో పొద్దుటి షిఫ్టు ఉంటే ఇంకొకరికి నైట్ డ్యూటీ ఉంటుంది. రైలు నడిపేవాళ్లు ఏ రోజు ఊళ్లో ఉంటారో వాళ్లకే తెలియదు. కృష్ణుడికి డ్యూటీ పడితే రాయబారం ఆగిపోతుంది.

అందుకే ఏకపాత్రాభినయం సులువైన దారిలా కనిపిస్తుంది. ఒక్క మనిషి, ఒక్క మైకు చాలు. కానీ పదిమంది ఆడాల్సిన నాటకాన్ని ఒక్కరు ఆడితే అది చూడదగ్గదేనా? లేక మనుషులు దొరక్క చేసుకున్న సర్దుబాటా?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు వచ్చిన రైలు మార్గంలోనే దక్షిణానికి వెళ్తే విజయనగరం వస్తుంది. ఒంటరిగా రంగం మీద నిలబడటం అంటే ఏమిటో జీవితమంతా చేసి చూపించిన మనిషిది ఆ ఊరే. ఆయనే హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు.

19 ఏళ్లకు చూసిన కథ

నారాయణదాసు 1864 ఆగస్టు 31న బొబ్బిలికి దగ్గర్లోని అజ్జాడ అగ్రహారంలో పుట్టారు. అసలు పేరు సూర్యనారాయణ. విజయనగరంలో ఇంగ్లిష్ చదువు చదువుతున్న రోజుల్లో, 1883లో చెన్నపట్నం నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడి హరికథ విన్నారు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్లు. ఆ తర్వాత ఆయనే ధ్రువ చరిత్ర రాసుకుని, పాడుకుని, గజ్జె కట్టి జనం ముందుకు వచ్చారు.

హరికథ అప్పటికి కొత్తదేమీ కాదు. మరాఠీ, తమిళ ప్రాంతాల్లో కథాకీర్తన ఉంది. దానికి తెలుగు పద్యాన్ని, వచనాన్ని, నాట్యాన్ని జోడించి సొంత రూపం ఇచ్చింది నారాయణదాసు. సాహిత్యం, సంగీతం, అభినయం మూడూ ఒక్క మనిషివే. పక్కన వాద్యాల వాళ్లుంటారు, పాత్రలన్నీ మాత్రం ఆయనవే.

ఒకే ఊళ్లో రెండు దారులు

ఆనందగజపతి ఆస్థానం ఉన్న విజయనగరంలోనే 1892లో గురజాడ కన్యాశుల్కం తొలిసారి ప్రదర్శించారు. గిరీశం, మధురవాణి, రామప్పంతులు... అది మనిషికి మనిషి ఎదురు నిలిస్తేనే నడిచే నాటకం. అంటే నటులు దొరకని ఊరు కాబట్టి నారాయణదాసు ఒంటరిగా నిలబడ్డారని అనలేం. బహుపాత్రల నాటకం పక్కనే ఉండగా ఆయన ఒంటరి కథనాన్ని ఎంచుకున్నారు.

ఆ ఎంపికలో ఉన్న తేడా చూడండి. ఆయన నాటకాన్ని కత్తిరించి ఒక్కడికి సరిపెట్టలేదు. సావిత్రీ చరిత్ర, రుక్మిణీ కల్యాణం, యథార్థ రామాయణం వంటివి మొదటి నుంచీ ఒక్క గొంతు కోసమే రాశారు. సావిత్రి యముడి వెంట నడిచే చోట కథకుడు ఒక క్షణం ఆమె, ఒక క్షణం ఆయన. మరుక్షణం ఇద్దరినీ చూస్తున్న మూడో మనిషి. ఆ మూడో మనిషి ఉండటమే హరికథ బలం.

అయిదు తాళాలు, ఒక్క శరీరం

ఈ పనికి ఆయన చేసిన సాధన మామూలుది కాదు. రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఒకేసారి అయిదు తాళాలు వేసే పంచముఖి ఆయనకు పేరు తెచ్చింది. అష్టావధానాలూ చేశారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామినాయుడికి వచ్చే దాకా అక్కడే ఉన్నారు.

ప్రపంచ నాటకానికీ ఆయన దూరంగా లేరు. 1922లో వచ్చిన నవరస తరంగిణిలో కాళిదాసు, షేక్‌స్పియర్ల రచనల నుంచి రసాల వారీగా భాగాలు ఏరి తెలుగు చేశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చారు. నా యెరుక పేరుతో స్వీయచరిత్ర కూడా రాశారు. 1945 జనవరి 2న కన్నుమూశారు.

ఏది పోతుంది, ఏది మిగులుతుంది

ఒక్కరే ఆడితే కొన్ని పోతాయి. పాండవోద్యోగంలో పడక సీను తీసుకోండి. తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు, మధ్యలో నిద్ర నటిస్తున్న కృష్ణుడు. ముగ్గురూ ఒకేసారి కనిపిస్తేనే ఆ నిశ్శబ్దం పండుతుంది. అందులోంచి కృష్ణుడి పద్యాలు మాత్రం తీసి పాడితే అది పాట కచేరీ అవుతుంది. మన పోటీల్లో ఏకపాత్రలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. కిరీటం పెట్టుకుని గొంతు పెంచుతారు. ఎదుటి మనిషి మాత్రం మనకు కనిపించడు.

కథకుడి దారి పట్టినవాళ్లకు ఆ చిక్కు తక్కువ. బెంగాల్‌లోనే శావొలీ మిత్ర 1983లో నాథవతి అనాథవత్‌తో ద్రౌపది కథను ఒంటరిగా చెప్పి నిలబెట్టారు. ఆమె ఆధారం కూడా పాత కథకత సంప్రదాయమే. 2023లో లండన్‌లో ఆండ్రూ స్కాట్ చెహోవ్ అంకుల్ వాన్యాలోని పాత్రలన్నీ ఒక్కరే పోషించారు. గొప్ప నాటకానికి ఒక్క శరీరం చాలుతుందా అనే ప్రశ్న అక్కడా ఉంది.

ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్న కళది మాత్రమే కాదు. ఇక్కడ తెలుగు పిల్లలు బడిలో హిందీ, బెంగాలీ, ఇంగ్లిష్‌లతో పెరుగుతున్నారు. చాలామందికి తెలుగు ఇంటి భాషగానే మిగిలింది. పద్యం అర్థం కాని పిల్లవాడికి ఎదుట నిలబడి కథ విప్పి చెప్పే మనిషి కావాలి. పెద్ద నాటకం ఆ పని చేయలేదు. మంచి కథకుడు చేయగలడు.

కాబట్టి ఒంటరి ప్రదర్శన చూడొచ్చు, వెతుక్కుని మరీ చూడొచ్చు. ఒక్క షరతు. లేని మనిషిని మన కళ్ల ముందు నిలబెట్టే కథకుడు అక్కడ ఉండాలి. కృష్ణుడికి డ్యూటీ పడిందని మాత్రమే ఒక్కరితో సరిపెడితే, ఆ సాయంత్రం ప్రేక్షకుడికి దక్కేది సగం నాటకమే.