చేసిన సేవకన్నా నేర్పిన సేవ మిన్న



పసుపు అమ్ముడై నాలుగు డబ్బులు చేతికొచ్చే వేళకే పది, ఇంటరు పరీక్షలూ వస్తాయి. ఇందల్వాయి, ఆర్మూరు ప్రాంతపు ఇళ్ళలో అప్పుడు ఒకటే చర్చ. అమ్మాయిని ఇంకా చదివించాలా? పెళ్ళి చేసేయాలా? రోగుల సేవో, కౌన్సెలింగో నేర్చుకుంటానని పిల్ల అంటే, సేవ చేయడానికి కూడా ఒక చదువు కావాలా అని పెద్దలు పెదవి విరుస్తారు. ఆ సందేహానికి నూరేళ్ళ క్రితమే మన తెలుగు నేల మీద తన బ్రతుకుతో జవాబు చెప్పిన కన్యస్త్రీ డాక్టర్ మేరీ గ్లౌరీ.

ఆమె 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. చదువులో చురుకైన పిల్ల కావడంతో స్కాలర్‌షిప్‌తో పైకి వచ్చి, 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందారు. ఆడవారు డాక్టర్లు కావడమే అరుదైన రోజులవి. మెల్‌బోర్న్‌లో కంటి వైద్యురాలిగా ఆమెకు మంచి పేరు వచ్చింది. 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి అందింది. మగ డాక్టరు ముందుకు రాలేక భారతదేశంలో తల్లులూ పసికందులూ ఎలా చనిపోతున్నారో అందులో చదివారు. దేవుడు తనను పిలుస్తున్నాడని అప్పుడే గ్రహించారు. స్త్రీల వైద్యంలో, కంటి వైద్యంలో పైచదువు చదివి 1919లో ఎం.డి. అయ్యారు. పిలుపు వచ్చాక కూడా నాలుగేళ్ళు ఓపికగా సిద్ధపడ్డారు.

1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరి, యేసు మరియ జోజప్ప సభలో చేరారు. మఠంలో ఉంటూ వైద్యం చేయడానికి పోపుగారి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. కన్యస్త్రీలు వైద్యం, ప్రసూతి పనులు చేయడానికి శ్రీసభ అందరికీ దారి తెరిచింది 1936లోనే. గుంటూరు పునీత జోజప్ప ఆసుపత్రి ఆమె కర్మభూమి అయ్యింది. ఏళ్ళ తరబడి అక్కడ డాక్టరు ఆమె ఒక్కరే. రోగులు మాత్రం వేలల్లో వచ్చేవారు.

ఒక్క మనిషికి రెండే చేతులు. ఎంత ప్రేమ ఉన్నా ఆ చేతులు పది ఊళ్ళకు అందవు. అందుకే ఆమె స్థానిక స్త్రీలను చేరదీసి మందులు కలపడం, పురుడు పోయడం, రోగిని చూసుకోవడం నేర్పించారు. ఊరి భాష, ఊరి భయాలు ఎరిగిన ఆడమనిషి మంచం పక్కన కూర్చుంటే రోగి గుండె తేలికపడుతుంది. దయ ఒక్కటే చాలదు. తర్ఫీదు లేని దయ ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

1943లో మరికొందరు కన్యస్త్రీలు కలసిరాగా ఆమె కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. దాని కేంద్రం నేడు సికింద్రాబాదులో ఉంది. మన దేశంలో ఒక కాథలిక్ వైద్య కళాశాల ఉండాలన్నది ఆమె కోరిక. క్యాన్సరుతో బాధపడుతూ 1957 మే 5న బెంగళూరులో కన్నుమూశారు. ఆరేళ్ళకు, 1963లో, అదే నగరంలో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వెలిసింది. ఆ రోజు చూడటానికి ఆమె లేరు. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు.

పెద్ద చదువులకు వెళ్ళలేని పిల్లలకు చేతిపని, సేవావృత్తులు నేర్పడానికి 1996లో మద్రాసు–మైలాపూరు అగ్రమేత్రాసనం కమ్యూనిటీ కాలేజీని ప్రారంభించింది. ఆ బాటలో తర్వాత ఎన్నో వచ్చాయి. తాగుడుతో చితికిన ఇల్లు, అప్పుతో కుంగిన రైతు, పరీక్ష తప్పి ముఖం చాటేసిన కుర్రవాడు మన విచారణల్లో లేరా? వారి మాట ఓపికగా వినడమూ నేర్చుకోవలసిన విద్యే.

కనుక తల్లిదండ్రులారా, ఈసారి మీ అమ్మాయి ఆ మాట అంటే కొట్టిపారేయకండి. విచారణ గురువులను, కన్యస్త్రీలను అడగండి. ఆ కోర్సుకు గుర్తింపు ఉన్నదీ లేనిదీ, ఖర్చెంతో, చదివాక పని ఎక్కడ దొరుకుతుందో వాకబు చేయండి. మీరు నేర్పించి పంపే రెండు చేతుల కోసం ఏ ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో దేవునికే ఎరుక.