దుఃఖమునుండి గీతానికి: క్యారీ జేకబ్స్ బాండ్

క్యారీ జేకబ్స్ బాండ్ 1862లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమందు, జేన్స్‌విల్ పట్టణంలో జన్మించింది. చిన్ననాటినుండి పియానో ఆమెకు ప్రాణం. ప్రథమ వివాహం విచ్ఛిన్నమైంది. ద్వితీయ భర్త ఫ్రాంక్ బాండ్ మిషిగన్ రాష్ట్రంలో ఇనుపగనులుండే ఒక ఊరిలో వైద్యుడు. 1893 నాటి ఆర్థిక సంక్షోభం ఆ ఊరిని క్రుంగదీసింది. 1895లో ఆయన మంచుపై పడి, ఆ దెబ్బతో మరణించాడు.

కుమారుని వెంటబెట్టుకొని ఆమె చికాగో చేరింది. గదులు అద్దెకిచ్చి, పింగాణీ పాత్రలపై బొమ్మలు వేసి పొట్టపోసుకుంది. ప్రచురణకర్తలు తన పాటలను నిరాకరించగా, ఒక గాయని చేసిన ధనసహాయంతో 1901లో ఏడు పాటల సంపుటిని తానే వెలువరించింది. తన పాటల ముఖచిత్రాలు సయితం స్వయంగా చిత్రించుకున్నది. ఆ సంపుటిలోని ‘ఐ లవ్ యూ ట్రూలీ’ పెండ్లిపాటగా స్థిరపడింది. కాలిఫోర్నియాలో ఒకనాటి సూర్యాస్తమయం చూచి ఆమె రచించిన ‘ఎ పర్‌ఫెక్ట్ డే’ 1910లో ప్రచురితమై, లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయింది.

1946లో, తన 84వ యేట, ఆమె హాలీవుడ్‌లో కన్నుమూసింది. అతిభావుకమని ఈ పాటలను తోసిపుచ్చడం సులభమే. కాని తన కన్నీటిని పరులకు ఓదార్పుగా మార్చగలగడం ఎందరికి సాధ్యం?